ఓబయ్య కొన్న పరుపు

షాహిస్తా పాత బ్లేడుతో పరుపు అంచు కుట్లు విప్పుతోంది. ముక్కు మీదుగా చున్నీ చుట్టుకుని, తెగిన దారాన్ని పారేయకుండా వేలికి చుట్టి పక్కన పెడుతోంది. మంచి దారం మట్టిలో పడేయకూడదని నాయన చిన్నప్పుడే నేర్పిన అలవాటు. కుట్టు విడిన చోటల్లా నలిగిపోయిన దూది ఉండలు ఉండలుగా ఉబికి వస్తోంది. ఇంకా పొద్దు పైకి రాలేదు, ఇది రెండో పరుపు. రేకుల షెడ్డు ముందు మరికొన్ని ఒకదానిమీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. అన్నీ వాళ్ళ నాయన మదార్ కుట్టి అమ్మినవే. ఇప్పుడు ఆటోల్లో, సైకిళ్ళ మీద, ఒకటైతే నెత్తిమీద, మళ్ళీ ఆయన ఇంటికే తిరిగి వచ్చాయి.

దీనంతటికీ కారణం అన్న మునీర్. అన్నకు వచ్చిన భక్తి.

బిట్రగుంటలో మదార్ పరుపుల షెడ్డు తెలియనివాళ్ళు తక్కువ. ఆయన తండ్రి భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. మదార్ కాలానికి మిషను వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మదార్ శుక్రవారం జుమాకి మసీదుకు వెళ్తాడు, పండక్కి కొత్త లుంగీ కడతాడు, మిగతా రోజుల్లో అల్లా తన పని తాను చూసుకుంటాడు, మదార్ తన పని తాను చూసుకుంటాడు. మునీర్‌కి అంత కూడా ఉండేది కాదు. మిషను రొదను మించి సినిమా పాటలు పెట్టేవాడు. జుట్టుకు రంగు వేసేవాడు. సిగరెట్టు వాసన తెలియకుండా సోంపు నములుతూ ఇంట్లోకి వచ్చేవాడు.

పోయిన వేసవిలో అతని స్నేహితుడు అర్మాన్ హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. రొయ్యల గుంటల మోటార్లు బాగుచేసే పిల్లవాడు, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఖననం అయ్యాక మునీర్ కొన్నాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తరువాత నమాజుకు రమ్మని ఊరూరా తిరిగి చెప్పే జమాత్ వాళ్ళతో కలిసి పోయాడు. తిరిగి వచ్చినప్పుడు గడ్డం ఉంది, ప్యాంటు చీలమండల పైకి ఉంది, ఫోనులో ఒక్క పాట లేదు.

వచ్చిన వారంలోనే టీవీ మీద దుప్పటి పడింది. అమ్మ ముంతాజ్ ఆ దుప్పటి వంక చూసి నిట్టూర్చి, సీరియల్లో కోడలు ఏమైందో పక్కింటికి పోయి అడిగి తెలుసుకునేది. షెడ్డు ముందు కూర్చుని కుట్టే షాహిస్తాకి అడ్డంగా ఒక పరదా కట్టాడు. వెలుతురు చాలడం లేదని ఆమె మెల్లగా చెబితే, మరునాడు పరదాను సగానికి కత్తిరించాడు. దేనికీ అరవడు. అమ్మకు నీళ్ళు మోసి పెడతాడు, నాయన కాళ్ళు పిసుకుతాడు. కోపంగా చెప్పేవాడితో అయితే పోట్లాడవచ్చు, ఇంత మెత్తగా చెప్పేవాడితో ఎలా పోట్లాడాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

“సిగరెట్లు మానినాడు, అది చాలు నాకు. దేవుణ్ణి పట్టుకున్నోణ్ణి వదలమని ఎట్టా చెప్పేది మే?” అనేది ముంతాజ్. అలా అంటూనే మరో గదిలో అతని పాత ఎర్ర చొక్కాను మడిచి మడిచి దాచుకునేది.

అసలు తిప్పలు దూదితో మొదలయ్యాయి. పరుపు కుట్టడంలో మదార్‌కి ఒక పద్ధతి ఉంది. పైనా కిందా కొత్త దూది, నడుమ పాత పరుపుల్లోంచి తీసి ఏకిన దూది. మిషనులో పడి వచ్చాక కళ్ళకు తేడా తెలియదు. కొన్నవాళ్ళకు మాత్రం అంతా కొత్తదే అని చెబుతాడు. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. ఒకరోజు నడుమ పొర కోసం పాత దూది అందుకోమంటే, మునీర్ మిషను ఆపేశాడు. తాను చేయనన్నాడు. తూకంలోనూ సరుకులోనూ మోసం చేసినవాడి నమాజు గాలికి పోతుందన్నాడు. మదార్ నవ్వేశాడు. కుర్రవాడి ముచ్చట, నాలుగు రోజులుంటుంది అనుకున్నాడు.

కానీ మునీర్ అక్కడితో ఆగలేదు. తనకు గుర్తున్న ఇళ్ళకల్లా వెళ్ళి గుమ్మంలో నిలబడి, మీ పరుపులో పాత దూది కలిపినాము, తెచ్చి ఇస్తే ఊరికే మార్చి కుట్టి ఇస్తాము, మా నాయన్ని మాఫ్ చేసినామని ఒక్క మాట చెప్పండి అని అడగడం మొదలుపెట్టాడు. కాలనీలో పుష్పకుమారి టీచరు నవ్వి, ఇన్నేళ్ళు హాయిగా నిద్రపోయాను నాయనా, ఇప్పుడు చెప్పి నిద్ర చెడగొట్టినావు, మాఫే లే పో అంది. హోటలు ఆయన మాత్రం నలుగురిలో పెట్టి తిట్టి, పరుపులన్నీ ఆటోలో వేయించి పంపాడు. మాట ఊరంతా పాకింది. ఎవరో ఒకావిడ తన పరుపునూ తెచ్చి దించితే, మదార్ దాని మూల పట్టి చూసి, ఇది మేము కుట్టింది కాదమ్మా, మా కుట్టు ఇంత వంకరగా ఉండదు అని వెనక్కి పంపాడు. ఆ రోజు మాత్రం ఇంట్లో అందరూ నవ్వారు. మునీర్ కూడా గడ్డం చాటున నవ్వాడు.

తరువాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. కొత్త బేరాలు ఆగిపోయాయి. టీ అంగడి బల్ల మీద ఎవరో, “ఏం మదారూ, నీ మీసాల్లో ఉండేది కొత్త దూదా, నడిపొర దూదా?” అన్నారట. మదార్ టీ గ్లాసు సగంలో పెట్టి వచ్చేశాడు. అప్పటి నుంచి ఆయన బజారుకు పోలేదు. కొడుకుతో మాటా లేదు. ఏదైనా చెప్పాలంటే, “మీ అన్నకి చెప్పు,” అని షాహిస్తాతో అనేవాడు. ఆ అన్న ఎదురుగానే నిలబడి ఉండేవాడు.

ఆ గురువారం మధ్యాహ్నం అన్నాల దగ్గర తెగేదాకా వచ్చింది. ముంతాజ్ మామిడికాయ వేసి బొచ్చె చేపల పులుసు చేసింది. నలుగురూ చాప మీద కూర్చున్నారు. మునీర్ బిస్మిల్లా అనుకుని, ముద్ద కలుపుతూ, తనకు గుర్తున్న ఇళ్ళు అయిపోయాయి, గుర్తులేనివి నాయనే చెప్పాలి అన్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు. మదార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నువ్వు సొర్గానికే పో. నేను వద్దన్లా,” అన్నాడు మదార్. కొన్ని వారాల తరువాత కొడుకు ముఖం చూసి ఆయన అన్న మొదటి మాట అది. “నేను ఈ ఊళ్ళోనే బతకాల గదా. నన్ను బజార్లో నిలబెట్టి నువ్వు తలుపులు తెరిపించుకుంటావా?”

“నీకోసరమే నాయనా నేను...”

“నాకోసరమా? మీ తల్లికి ఆపరేషనప్పుడు, నీ ఫీజులప్పుడు, ఆ నడిపొరే గదరా కూడు పెట్టింది. అప్పుడు కొత్తదో పాతదో అడిగి తిన్నావా?”

ముంతాజ్ ఇద్దరి మధ్యా చెయ్యి పెట్టి, తిన్నాక మాట్లాడుకోండి అంటోంది. మదార్ వినే స్థితిలో లేడు. ఎన్నాళ్ళ నుంచో కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వస్తోంది. “ఇంకా కావాల్నా నీకు? ఇంకోటి ఉండాది, అది కూడా పోయి చెప్పు. ఓబయ్య కూతురు పెళ్ళి పరుపు. దాంట్లో ఉండేది గంగులయ్య చచ్చిపోయిన పరుపు దూది. పో. పోయి తప్పెట కొట్టించు.”

ఆ మాట నోరు దాటాక ఆయనకే అర్థమైంది ఏమన్నాడో. ముంతాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఊళ్ళో మనిషి ప్రాణం పోయిన పరుపును ఇంట్లో ఉంచుకోరు. పెద్ద రైతు గంగులయ్య పోయినప్పుడు ఆ ఇంటివాళ్ళు మదార్‌ని పిలిచి, పరుపు తీసుకుపోయి ఉప్పువాగు దగ్గర పారేయమన్నారు. బంగారం లాంటి దూది. మదార్‌కి చేతులు రాలేదు. ఎండబెట్టి, ఏకి, మూటకట్టి పక్కన పెట్టాడు. ఆ వెనకే కరోనా వచ్చి లారీలు ఆగిపోయాయి. గుంటూరు నుంచి సరుకు రాలేదు. రైల్వే గ్యాంగులో పనిచేసి రిటైరైన ఓబయ్య, కూతురు దుర్గ పెళ్ళికి పరుపు కావాలని, ఎలాగైనా కుట్టి ఇవ్వమని బతిమాలుకున్నాడు. మదార్ ఆ మూట విప్పాడు. కొత్తదే అని చెప్పాడు. కొత్తదాని ధరే తీసుకున్నాడు.

దుర్గ షాహిస్తాతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల.

మునీర్ కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. రేపు జుమా కంటే ముందే పోయి చెప్పి వస్తానన్నాడు. శకునాలూ చావు మైలా అంతా మన భ్రమ, దూదికి ఏ పాపమూ అంటదు, అబద్ధం చెప్పి అమ్మడమే పాపం అన్నాడు. మదార్ అన్నం వదిలేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. పులుసు గిన్నెలో చేప ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం షాహిస్తా ఒక చిన్న దిండు పట్టుకుని ఓబయ్య ఇంటికి వెళ్ళింది. కాళ్ళ కింద పెట్టుకోవడానికి మెత్తటి దిండు కుట్టివ్వమని దుర్గ ముందే అడిగి ఉంది. కోవూరులో అత్తగారింట్లో ఉన్న దుర్గను, డాక్టరు మంచం దిగవద్దని చెప్పడంతో, నెల కిందట పుట్టింటికి తెచ్చుకున్నారు. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఇది ఏడో నెల.

మంచం మీద నీలం చారల పరుపు. దాని మీద దుర్గ పక్కకు తిరిగి పడుకుని ఉంది. తలగడ కింద ఇనుప కత్తి, గుమ్మానికి వేపమండలు, కాలికి నల్లదారం. ఆమె తల్లి వెంకటశేషమ్మ షాహిస్తాను గుమ్మంలోనే ఆపి, ఎవరి చావు ఇంటికీ పోయి రాలేదు కదా అని అడిగి కానీ లోపలికి పంపలేదు. తప్పుగా అనుకోవద్దమ్మా, భయంతో అడుగుతుండా అంది.

“నవ్వబాక మే,” అంది దుర్గ, షాహిస్తా ఆ కత్తి వంక చూడటం చూసి. “మా అమ్మ ఇంకా పార కూడా పెట్టేదే. నేనే వద్దన్నా.” తరువాత గొంతు తగ్గించి చెప్పింది, పోయిన ఇద్దరి గురించి. రాత్రిళ్ళు కూర్చుని వెతుక్కుంటుందట, ఏం తిన్నాను, ఏం తొక్కాను, ఎవరి ఉసురు తగిలింది అని. ఏదో ఒకటి దొరికితే బాగుండునని. “ఏం తప్పు చేసినానో తెలిస్తే దాన్ని వదిలేసుండేదాన్ని గదా షాహీ. ఏదీ దొరకలా.”

షాహిస్తా దిండు ఆమె కాళ్ళ కింద సర్ది, మంచం అంచున కూర్చుంది. అరచేతి కింద పరుపు మెత్తగా, చల్లగా ఉంది. ఇది కోవూరు నుంచి ఆటోలో వేయించుకుని తెచ్చుకున్నానని, దీని మీద తప్ప నిద్ర పట్టదని దుర్గ చెబుతోంది. మీ నాయన చెయ్యి మంచిది మే అంది.

ఇంటికి వచ్చేసరికి మునీర్ పంపు దగ్గర నమాజుకు వజూ చేసుకుంటూ చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. షాహిస్తా ఎదురుగా నిలబడింది. అన్నకు అడ్డం నిలబడటం ఆమెకు అలవాటు లేదు. ఇంట్లో ఏ గొడవ జరిగినా తల వంచుకుని కుట్టుకుంటూ అన్నీ వినే పిల్ల.

“దుర్గకి చెప్పబాక అన్నా.”

అతను ముఖం తుడుచుకుని, దూది వల్ల ఎవరికీ ఏమీ కాదని మళ్ళీ చెప్పబోయాడు.

“అది నీకు తెలుసు. ఆ పిల్లకి తెలీదు. కారణం ఎప్పుడు దొరుకుతాదా అని వెతుకుతా కూర్చోనుండాది అక్కడ. నువ్వు పోయి ఇస్తావా? రేపు ఏదన్నా అయితే, కాకపోయినా, దినాం భయంతో చస్తాది. ఇదేనా నీకు నేర్పింది?”

మునీర్ పంపు కట్టేశాడు.  అజాన్ మొదలైంది. అతను కదల్లేదు. జమాత్ నుంచి తిరిగి వచ్చాక ఎప్పుడూ అజాన్ విని అన్న కదలకుండా ఉండటం షాహిస్తా చూడలేదు.

“అర్మాన్ జనాజా దగ్గర ఏం జరిగిందో నీకు తెలీదు. ఆడోళ్ళు రారు గదా,” అన్నాడు చివరికి.

నెమ్మదిగా చెప్పాడు. శవాన్ని ఎదురుగా ఉంచి చేసే నమాజు మొదలుకాకముందు, వరసలు కట్టి నిలబడ్డాక, నమాజు చేయించే హజరత్ అందరినీ అడిగారట, ఈ పిల్లవాడి వల్ల ఎవరికన్నా నష్టం జరిగుంటే, బాధ కలిగుంటే మాఫ్ చేయండి అని. ఎప్పుడూ అడిగేదే. అందరూ చేసినాం చేసినాం అంటారు. అన్నారు కూడా. వెనక వరసలోంచి ఒక రొయ్యల రైతు మాత్రం ఏడుస్తూ ముందుకు వచ్చాడట. అర్మాన్ పాత తీగ చుట్టి కొత్తదని బిగించిన మోటారు ఒక తెల్లవారుజామున కాలిపోయి, గుంటలో గాలి ఆడక రొయ్యంతా తేలిపోయింది. అల్లా ముందు అబద్ధం ఎట్టా చెప్పేది, నోటితో అన్లేను అయ్యా అని, ఆ మనిషి వరసలోంచి వెనక్కి జరిగి పక్కన నిలబడ్డాడు. అర్మాన్ తండ్రి పోయి ఆయన చేతులు పట్టుకున్నాడు. అప్పటికీ అనలేకపోయాడు.

“ఆ తీగ చుట్టే రోజు నేనూ వాడి పక్కనే ఉన్నా షాహీ. ఇద్దరం నవ్వుకున్నాం.” మునీర్ తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. “నాయనకి షుగరు, గుండె. ఈ ఊళ్ళో ఎన్ని పరుపులు. ఆ రోజు ఆయన్ని ముందర పెట్టుకుని నిలబడినప్పుడు, ఒక్కడన్నా అట్టా వెనక్కి జరిగితే, ఆ జనాజా కింద నేను భుజం ఎట్టా పెట్టేది?”

షాహిస్తా అన్న ముఖం వంక చూసింది. గడ్డం వెనక ఉన్నది ఆ పాత మునీరే. ఉరుములకు భయపడి నాయన లుంగీలో దూరి పడుకునే మునీర్. ఇన్నాళ్ళూ ఇతను నాయన్ని దోషిగా నిలబెడుతున్నాడని ఇల్లంతా అనుకుంది. ఇతను నాయన కోసం ఇంటింటికీ అడుక్కుంటున్నాడు. అది ఒక్కరికీ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాలంటే నాయన చావు గురించి చెప్పాలి.

ఆమె కళ్ళు తుడుచుకుంది. అయినా చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. “మాఫ్ చేయాల్సింది ఎవరన్నా? కొన్నోళ్ళు గదా. దుర్గ కొన్లా. ఓబయ్య మామ కొన్నాడు. ఆయనకి చెప్పాల. దుర్గకి చెబితే నీ బరువు దిగుతాది, అది ఆ పిల్ల నెత్తికెక్కుతాది.”

మునీర్ ఆలోచిస్తున్నాడు. తరువాత, దుర్గకు చెప్పనులే అన్నాడు. ఓబయ్యకు చెప్పాల్సింది అయితే తాను కూడా కాదన్నాడు. అమ్మినవాడి నోటి నుంచే రావాలి. “నాయన పోతాడా? ఈ జన్మలో పోడు.” అని మసీదు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

మదార్ షెడ్డులో బల్ల మీద కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు. కుట్టడానికి ముందు ఏమీ లేదు, ఊరికే ఎక్కిస్తున్నాడు. షాహిస్తా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, అన్న చెప్పినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. హజరత్ అడిగిన మాట, వెనక్కి జరిగిన మనిషి, భుజం మాట. వింటున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

“వాడు నేను చచ్చేదాన్ని గురించి ఆలోచిస్తుండాడా?” అన్నాడు మదార్.

“చచ్చినాక దాన్ని గురించి నాయనా.”

మదార్ ముక్కులోంచి ఒక నవ్వు వచ్చింది. నవ్వు సగంలోనే మారిపోయింది.  “నన్ను దొంగని చేస్తుండాడనుకుంటిని,” అన్నాడు.  ఆ పూట అన్నం తినలేదు. ముంతాజ్ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. ఆయన ఏం చేస్తాడో ఎవరికీ తెలియలేదు. మునీర్ మాత్రం తన మాట చెప్పేశాడు. దుర్గ దగ్గరికి పోడు. కానీ నాయన పోకపోతే ఆ భారం ఎన్నాళ్ళయినా అలాగే ఉంటుంది.

తెల్లవారుతుండగా షాహిస్తాకు మిషను చప్పుడుతో మెలకువ వచ్చింది. లేచి వచ్చి చూస్తే మదార్ ఒక్కడే దూది ఏకుతున్నాడు. అటక మీద ఎప్పటి నుంచో ఉన్న మూట కింద ఉంది, ముడి విప్పి ఉంది. షాహిస్తా పెళ్ళికని, మంచి సరుకు వచ్చినప్పుడల్లా పిడికెడు పిడికెడుగా తీసి దాచిన దూది అది. మిషను ఇవతల అది తెల్లగా, వెన్నలా పోగవుతోంది. మదార్ కూతురి వంక ఒకసారి చూశాడు. అడగలేదు. ఆమె లోపలికి వెళ్ళి కత్తెర, చాప తెచ్చి పరిచింది.

ఆయన గుడ్డల బీరువా అంతా వెతికి నీలం చారల గుడ్డ తాను బయటికి తీశాడు. పాతబడిన తాను, ఇప్పుడు ఎవరూ అడగని రకం. చార వెడల్పు వేలితో కొలిచి చూసుకుని, షాహిస్తాకు ఇచ్చాడు. ఆమె కుట్టు మిషను ముందు కూర్చుంది.

పొద్దుటి ఫజర్ నమాజు నుంచి వచ్చిన మునీర్ గుమ్మంలో ఆగిపోయాడు. ఆ దూదిని చూశాడు. చెల్లెలి చేతిలోని గుడ్డను చూశాడు. ఆ చారలు ఎందుకో, దుర్గ కంట్లో ఏ తేడా పడకుండా ఉండాలనే ఆ జాగ్రత్త ఎందుకో, అతనికి అర్థమైంది. ఇదీ దాపరికమే కదా అన్నట్టు అతని పెదవులు కదిలాయి. షాహిస్తా కుట్టు ఆపి ఎదురుచూసింది. అతను టోపీ తీసి మేకుకు తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, వచ్చి దూది పరచడం మొదలుపెట్టాడు.

ముగ్గురూ పనిలో పడ్డారు. చాలాకాలం తరువాత పై పొర, నడిపొర, అడుగు పొర ఒకటే రంగులో ఉన్నాయి. దూది నింపాక మదార్ ఒకవైపు, మునీర్ ఒకవైపు కూర్చుని, దబ్బనాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకు అందించుకుంటూ టాకాలు వేశారు.  దబ్బనం మొన ఇవతలికి వచ్చినప్పుడు ఇతను లాగుతాడు, అవతలికి పోయినప్పుడు ఆయన లాగుతాడు. ఒకచోట మునీర్ ముడి వదులుగా వేస్తే మదార్ చేయి చాపి దాన్ని బిగించాడు. ముంతాజ్ వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, పొగ పొగ అని ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఎండ షెడ్డులోకి వచ్చే వేళకు పరుపు తయారైంది. మదార్ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, జుమాకు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పరుపు చుట్టి మోపెడ్ వెనక పెట్టారు. మునీర్ తాడు తెచ్చి ఒకవైపు నుంచి బిగిస్తే, మదార్ రెండోవైపు ముడి వేశాడు.

ఓబయ్య ఏమంటాడో ఎవరికీ తెలియదు. కాలర్ పట్టుకోవచ్చు. ఈ ఊళ్ళో ఇక నీ గడప తొక్కనని అనవచ్చు. మాఫ్ అని అనకపోవచ్చు కూడా. మదార్‌కి అవన్నీ తెలుసని ఆయన చొక్కా గుండీలు సరిచేసుకున్న తీరులోనే షాహిస్తాకు కనిపించింది. నాయన చేతులు అంత జాగ్రత్తగా కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

నేనూ రానా నాయనా అని మునీర్ అడిగాడు. మదార్ బండి ఎక్కడానికి నొప్పి మోకాలు ఎత్తుతూ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. కాలు అవతలికి వేసి కూర్చున్నాక కూడా ఆ చెయ్యి వెంటనే తీయలేదు. మునీర్ కదలకుండా ఆ బరువు మోస్తూ నిలబడ్డాడు.

ముంతాజ్ టీ గ్లాసుతో గబగబా వచ్చేసరికి బండి కదిలింది. ఎవరి ముఖమూ చూడకుండా, మదార్ ఇల్లు దాటి రోడ్డెక్కాడు.

ఓబయ్య ఇల్లు పట్టాలకు అవతల. రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి పెట్టె వెనక పెట్టెగా, ఎంతకీ తరగకుండా పోతోంది. మదార్ మోపెడ్ మీద, వెనక నీలం చారల పరుపుతో, గేటు ముందు ఆగి ఉన్నాడు. ఇంటి ముందు నుంచి ముగ్గురికీ ఆయన వీపు కనిపిస్తోంది. వెనక్కి తిప్పుకోవాలంటే దారి ఖాళీగానే ఉంది. షాహిస్తా పక్కన మునీర్ పెదవులు దుఆ చేస్తున్నాయి, శబ్దం లేదు.

చివరి పెట్టె పోయింది. గేటు లేచింది. మదార్ ఒక కాలు నేలమీద తన్ని, పట్టాలు దాటుకుని అవతలికి వెళ్ళిపోయాడు.